బీరయ్య తోపుగుండ్లు

బీరయ్య సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. పుట్టిందీ పెరిగిందీ హైదరాబాద్ పాత ఊళ్లో, అలియాబాద్‌లో. పనిచేసింది ఊరి అవతల ఒక సర్కారీ ఫ్యాక్టరీలో, లేత్ మీద ఇనుము చెక్కే టర్నర్‌గా. అయినా అతని ఇంటి ముందుగదిలో, గోడ పొడుగునా వేసిన బల్ల మీద, యుద్ధ ఓడల తోపుల్లో వాడే గుండ్లు ఏడు వరసగా నిలబడి ఉండేవి. లోపల మందు లేని ఒట్టి ఇనుప గుండ్లు. చిన్నది జానెడు, పెద్దది మోకాలెత్తు. ఒక్కొక్కదాని కింద బీరయ్య తానే తిప్పి చేసిన చెక్కపీట.

మా ఇల్లు వాళ్లింటికి ఎదురుగా ఉంటుంది. నేను అదే ఫ్యాక్టరీలో స్టోర్స్ గుమాస్తాను. ఇందులో కొంత నేను కళ్లారా చూసింది. మిగతాది బీరయ్య రిటైరయ్యాక మా అరుగు మీద కూచుని చెప్పింది. చెప్పేటప్పుడు తన తప్పును ఎక్కడా తక్కువ చేసుకోలేదు.

బీరయ్య తండ్రికి ఆరు బర్రెలుండేవి. హుస్సేనీ ఆలంలో అమరనాథ్ వాళ్లింటికి పాలు పోసేది ఆయనే. వాళ్లది ఉస్మాన్‌గంజ్‌లో మూడు తరాల ఇత్తడి సామాన్ల దుకాణం. అమరనాథ్, బీరయ్య ఏడో తరగతి దాకా ఒకే బడి, ఒకే బెంచీ. లెక్కలు బీరయ్యకే బాగా వచ్చేవి. ఏడు పాసయ్యాక తండ్రి అతన్ని బర్రెల దగ్గరికి పంపాడు, అక్కణ్నుంచి లేత్ పనికి. అమరనాథ్ రెండుసార్లు తప్పి కూడా కాలేజీకి వెళ్లాడు.

"వాడు ఫెయిలైనా చదివించిన్రు. నేను పాసైనా పేడ తీయమన్నరు," అని బీరయ్య నవ్వుతూ అనేవాడు. ఆ నవ్వు వినడానికి బాగుండేది కాదు.

గుండ్ల పిచ్చి ఎట్లా పట్టిందంటే, బంగ్లాదేశ్ యుద్ధం అయిపోయిన మరుసటి నెల నాంపల్లి ఎగ్జిబిషన్‌లో నౌకాదళం వాళ్లు ఒక స్టాల్ పెట్టారు. అప్పటికి బీరయ్యకు నలభై దాటాయి. భార్య కృష్ణమ్మ గాజుల దుకాణాల వైపు వెళ్తే ఇతను ఆ స్టాల్‌లో ఆగిపోయాడు. బల్ల మీద ఒక తోపుగుండు పెట్టి ఉంది. దాని ముక్కు దగ్గర వంపు చూసి, ఎవరూ చూడకుండా చెయ్యి వేశాడట. "ఇరవై ఏండ్ల సంది ఇనుము తిప్పుతున్న. గసొంటి వంపు నా చెయ్యితోని ఎన్నడు రాలె," అన్నాడు నాతో. అందరూ దాంట్లో యుద్ధం చూశారు. బీరయ్య మాత్రం పనితనం చూశాడు.

మా ఫ్యాక్టరీ గేటు దగ్గర బాబురావు అని వాచ్‌మన్ ఉండేవాడు. నేవీలో పదిహేనేళ్లు తోపుల దగ్గర పనిచేసి వచ్చినవాడు. బీరయ్య రోజూ షిఫ్టు దిగాక అతని పక్కన స్టూలేసుకుని కూచునేవాడు. గుండు మంచిదా, ముట్టుకోకూడనిదా ఎట్లా పోల్చుకోవాలో బాబురావే నేర్పాడు.

"చూడన్నా, ముందుగాల ముక్కు చూడాలె. ఖాళీ గుండయితే ఆడ ఒట్టి తూటుంటది. ఇత్తడి మూత బిగించి ఉంటే అది ఫ్యూజ్, పేల్చేటిది. రెండోది నడుం కాడ రాగిపట్టీ. దాని మీద ఏటవాలు గీతలుంటే తోపుల నుంచి పోయొచ్చినట్టు. గీతలు లేవంటే ఇంకా పేల్చలేదన్నట్టు. ఇగ ముక్కు కింద చుట్టూత ఎర్రపట్టీ కనబడ్డదనుకో, లోపల మందు నింపిన్రని గుర్తు. చెయ్యి తీసి ఎనకకు నడువు."

మొదటి గుండు జుమ్మెరాత్ బజార్‌లో దొరికింది. గురువారం గురువారం పాత సామాన్లు గుట్టలు పోసి అమ్మే సంత అది. బొంబాయిలో విరగ్గొట్టిన ఓడల తుక్కు లారీల్లో వస్తే, అందులో కొంత అక్కడికి చేరేది. తుప్పు పట్టిన గుండును బీరయ్య సైకిల్ క్యారియర్‌కు కట్టుకుని తెచ్చాడు. నెల రోజులు కిరసనాయిల్‌లో నానబెట్టాడు. కొబ్బరి పీచుతో రుద్దాడు, తీగ బ్రష్షుతో గోకాడు, నూనె పట్టించాడు. రాగిపట్టీ కొత్త చెంబులా మెరిసింది.

"పిల్లల పుస్తకాలు పెట్టెతందుకు జాగ లేదు, గీ గుండ్లకు బల్ల చేపిచ్చినవా?" అని కృష్ణమ్మ లొల్లి చేసేది. కానీ చూడటానికి ఎవరైనా వస్తే టీ పెట్టేది ఆమే. మా గల్లీ వాళ్లు, శాలిబండ వాళ్లు, ఫ్యాక్టరీ నుంచి ఇంజనీర్లు కూడా వచ్చేవారు. బీరయ్య అని చెబితే తెలియనివాళ్లకు 'తోపు బీరయ్య' అంటే తెలిసేది. పెళ్లిపత్రికల మీద కూడా కొందరు అట్లాగే రాసి ఇచ్చేవారు. ఆ పేరు విన్నప్పుడు అతని మొహం చూడాలి. మెడ నిటారుగా అయ్యేది.

డెబ్బై ఆరులో అమరనాథ్ వచ్చాడు.

స్కూటర్ గల్లీ మొదట్లో ఆపి, తెల్ల లాల్చీ పైజమాలో నడిచి వచ్చాడు. బల్ల ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఒక్కో గుండునూ వంగి చూశాడు.

"ఏం పని చేసినవ్ బీరయ్యా! గిది చూసినంక నా దుకాణంల సామాను రేకు డబ్బాల లెక్క కనబడుతుంది."

"కూసో సేట్," అన్నాడు బీరయ్య.

"సేట్ ఏందిరా? అమర్ అనరాదు?"

బీరయ్య అనలేదు. పిలిచిన పిలుపును మార్చుకోలేక కాదు. బెంచీ మీద పక్కన కూచున్నప్పుడు అమర్ అన్నాడు. తండ్రి వెంట పాలక్యాను పట్టుకుని వాళ్లింటి వెనక గుమ్మం దగ్గర నిలబడ్డాక మళ్లీ ఆ పేరు నోటికి రాలేదు.

ఆ రోజు అమరనాథ్ మెచ్చుకున్న మాటలు బీరయ్య వారం రోజులు తలచుకుని సంతోషపడ్డాడు. తర్వాత నెలకు తెలిసింది, అమరనాథ్ కూడా గుండ్లు కొంటున్నాడని. బొంబాయి వ్యాపారులతో వాళ్లకు ఎప్పటినుంచో ఇచ్చిపుచ్చుకోవడాలున్నాయి. జుమ్మెరాత్ బజార్‌కు చేరకముందే మంచి సరుకు తిన్నగా ఉస్మాన్‌గంజ్‌లో దిగేది. బీరయ్య నాలుగేళ్లలో నాలుగు సంపాదిస్తే, అమరనాథ్ ఒక్క ఏడాదిలో పన్నెండు తెప్పించాడు. హాలులో గాజు అల్మారా, అందులో బల్బులు. ఆ ఇంటికి వచ్చిన చుట్టాలు, బ్యాంకు మేనేజర్లు దాని ముందు నిలబడి ఫొటోలు దిగేవారు.

బీరయ్య ఒకసారి చూడటానికి వెళ్లి వచ్చి, మా అరుగు మీద కూచుని అన్నాడు: "పన్నెండిట్ల మూడింటికి రాగిపట్టీ సగం ఊసిపోయింది. అండ్ల ఒకదానికి తుప్పు మీదనే రంగేసిన్రు. వానికేం తెల్సు?" ఆ మూడే చెప్పాడు. మిగిలిన తొమ్మిది ఎట్లున్నాయో చెప్పలేదు.

అంతకన్నా పెద్ద దెబ్బ ఒక పెళ్లిలో తగిలింది. పంక్తిలో పక్కన కూచున్న ఆయన ఎవరో, "మీరు గూడ అమరనాథ్ సేట్ లెక్క గుండ్లు పెడ్తరట గద?" అని అడిగాడు. మంచి మనసుతోనే అడిగాడు. బీరయ్య విస్తరి మడిచి లేచాడు. పెరుగు కూడా వడ్డించలేదు అప్పటికి.

ఆ తర్వాత ఇత్తడి ఖోకా గొడవ వచ్చింది. తోపుగుండు ఒట్టిగా ఉండదు. దాని వెనక భాగం ఒక పొడుగాటి ఇత్తడి గొట్టంలో కూచుంటుంది. పేలిన తర్వాత ఆ గొట్టం ఖాళీగా మిగులుతుంది, దాన్ని ఖోకా అంటారు. బీరయ్య దగ్గరున్న వాటిలో అతనికి ప్రాణమైనది అడ్డకొలత నాలుగంగుళాలుండే గుండు. దాని మీద 1943 అని చెక్కి ఉంది. దానికి సరిపోయే ఖోకా కోసం అయిదేళ్లుగా వెతుకుతున్నాడు. డెబ్బై ఎనిమిదిలో ఒక గురువారం జుమ్మెరాత్ బజార్‌లో, ఎప్పుడూ కొనే ముసలాయన దగ్గర అది కనబడింది. అదే కొలత, అడుగున అదే సంవత్సరం. వచ్చే వారం తీసుకుంటానని, ఎవరికీ ఇవ్వొద్దని చెప్పి వచ్చాడు. ఆ వారమంతా ఫ్యాక్టరీలో పాట పాడుతూ పనిచేశాడు. నేనే విన్నాను.

మళ్లీ గురువారం వెళ్తే ముసలాయన చేతులు తిప్పాడు. "వో తో అమర్ సేట్ లేగయే, భాయ్. నీదని ఆయనకు తెల్వదు. నేను లేనప్పుడు మా తమ్ముడు ఇచ్చేసిండు."

బీరయ్య తిన్నగా ఉస్మాన్‌గంజ్‌కు పోయాడు. అమరనాథ్ అతన్ని గల్లా దగ్గర కూచోబెట్టి టీ తెప్పించాడు.

"నీకు కావాల్నని నాకు తెల్వదు బీరయ్యా, ఒట్టు. ఇప్పుడొక మాట చెప్త. నీ గుండు తెచ్చి దీంట్ల పెట్టు. రెండు కలిపి మా అల్మారల నడుమ పెడదం. కింద నీ పేరు రాపిస్త. హైదరాబాద్‌ల గసొంటిది ఇంకెవరి కాడ ఉండదు."

"నువ్వే ఖోకా తెచ్చి మా ఇంట్ల పెట్టరాదు?"

అమరనాథ్ నవ్వేశాడు. ఆ మాట అతనికి వేళాకోళంలా అనిపించింది. బీరయ్య టీ ముట్టకుండా వచ్చేశాడు. ఆ నవ్వు గురించి ఎనిమిదేళ్ల తర్వాత చెబుతున్నప్పుడు కూడా అతని దవడ బిగుసుకుంది.

ఆ తర్వాత ఇద్దరి మధ్యా పైకి ఏ గొడవా లేదు. పండగకు అమరనాథ్ ఇంటి నుంచి మిఠాయి వచ్చేది. బీరయ్య కృతజ్ఞతలు చెప్పి, తాను ఒక్క ముక్క కూడా తినకుండా కృష్ణమ్మకు ఇచ్చేవాడు. సైకిల్ మీద ఉస్మాన్‌గంజ్ వైపు వెళ్లాల్సివస్తే వేరే దారిన తిరిగి వెళ్లేవాడు. అల్మారాలో కొత్తది ఏదైనా చేరిందా అని మాత్రం ఎవరో ఒకరిని అడగకుండా ఉండలేకపోయేవాడు. చేరిందంటే రెండు రోజులు ఇంట్లో మాట్లాడేవాడు కాదు.

ఎనభై ఒకటి, దసరా దాటిన తర్వాత ఆదివారం. అమరనాథ్ మనిషిని పంపించి పిలిపించాడు. "నువ్వు చూస్తెగాని నాకు తృప్తి ఉండదు," అని కబురు.

హాలు మధ్యలో, గాజు అల్మారాకు బయట, అడ్డకొలత ఆరంగుళాలుండే గుండు ఒకటి నిలబడి ఉంది. తొడ ఎత్తు. ఇద్దరు పడితే గాని లేవదు. ఒళ్లంతా వెండి రంగు పూశారు. బొంబాయి నుంచి ఇత్తడి తుక్కుతోపాటు లారీలో వచ్చిందట. దానికి మూరెడు దూరంలో అమరనాథ్ తల్లి సుశీలమ్మ మంచం. మోకాళ్ల నొప్పులతో ఆమె హాలులోనే పడుకునేది.

"మా అమ్మ రోజు తడిబట్టతోని తుడుస్తది. కొడుకు ముచ్చట గదా," అని నవ్వి అమరనాథ్ బిస్కెట్లు, టీ తెమ్మని చెప్పడానికి లోపలికి వెళ్లాడు. సుశీలమ్మ కునుకు తీస్తోంది.

బీరయ్య కూచుని చూశాడు. ముక్కుకు ఇత్తడి మూత ఉంది, దాని మీద కూడా వెండి రంగే. రాగిపట్టీ చేత్తో తడిమాడు. నున్నగా ఉంది, గీత లేదు. ముసలమ్మ తుడిచి తుడిచి ముక్కు కింద ఒకచోట రంగు పెచ్చు లేచింది. బొటనవేలి గోరుతో ఇంకొంచెం గోకాడు. అడుగున పసుపు రంగు. దాని మీద, రెండు వేళ్ల వెడల్పున, ఎర్ర పట్టీ.

చెయ్యి తీసేశాడు. బాబురావు మాటలు ఒక్కటొక్కటీ చెవిలో వినబడ్డాయి.

అమరనాథ్ పళ్లెంతో వచ్చాడు. "ఎట్లుంది?"

ఆ క్షణంలో బీరయ్యకు ముందుగా తోచింది ఏమిటో అతను దాచకుండా చెప్పాడు. చెబితే ఏమవుతుంది? పోలీసులొస్తారు, ఇది తీసుకుపోతారు. అమరనాథ్ పేపర్‌కెక్కి ఇంకా పేరు తెచ్చుకుంటాడు. చెప్పకపోతే ఏదో ఒకనాడు ఎవరో చూస్తారు. అప్పుడు పరువు పోయేది అతనికే. గాజు అల్మారా మొత్తం ఖాళీ అవుతుంది. పేలుతుందన్న ఆలోచన వచ్చింది. ఇన్నాళ్లు పేలనిది ఇప్పుడెందుకు పేలుతుందిలే అని దాన్ని పక్కకు తోశాడు.

"మస్తుంది," అన్నాడు.

"నీ చెయ్యి పడితే ఇంకా మస్తుంటది. రంగంతా గీకి, లేత్ మీద మెరుగు పెట్టి, కింద తూటు కొట్టి దీపం స్టాండ్ చేద్దమనుకుంటున్న. చేసిస్తవా?"

"నాకు టైం లేదు, సేట్."

"అట్లనా? ఫికర్ లేదు, అఫ్జల్‌గంజ్ అంజన్నకిస్త."

బీరయ్య టీ తాగాడు. అంజన్న లేత్ ఎట్లా తిరుగుతుందో, తూటు కొట్టేటప్పుడు ఇనుము ఎంత వేడెక్కుతుందో అతనికి తెలుసు. అయినా నోరు తెరవలేదు. అంజన్నకు చేతిలో పని ఎక్కువ, నెల దాకా ముట్టడులే అనుకున్నాడు. సోమవారం చెబుదామనుకున్నాడు. సోమవారం పొద్దున ఫ్యాక్టరీలో ఎవరో అమరనాథ్ కొత్త గుండు గురించి గొప్పగా మాట్లాడారు. ఇక చెప్పాలనిపించలేదు. మంగళవారం బాబురావు పక్కన గంటసేపు కూచున్నాడు. "ఏమైందే, మొఖం గట్ల పెట్టినవ్?" అని బాబురావు అడిగితే, పన్ను నొప్పి అన్నాడు.

బుధవారం అతనిది రెండో షిఫ్టు. పొద్దున పదింటికి కృష్ణమ్మ కూరగాయల సంచీతో వచ్చింది.

"అమరనాథ్ ఇంటి పనామె కలిసింది. పొద్దుగాలనే ఆ పెద్దగుండును తోపుడుబండి మీద అఫ్జల్‌గంజ్‌కు పంపిన్రట. సుశీలమ్మ ఒకటే గులుగుడట, ఇల్లు బోసిగున్నదని."

బీరయ్య చెప్పుల్లేకుండా బయటికి ఉరికాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. "ఏందే బీరయ్యా?" అంటుండగానే సైకిల్ ఎక్కాడు. శాలిబండ దాటి, చార్మినార్ పక్కనుంచి, పత్తర్‌గట్టీ గుంపుల్లో గంట కొట్టుకుంటూ, తిట్లు తింటూ, నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్ చేరాడు. యాభై మూడేళ్ల మనిషి. ఎంత వేగంగా తొక్కానో తెలియదు గాని తొక్కినంతసేపూ పేలిన చప్పుడు వినబడుతుందేమోనని చూశానన్నాడు.

అంజన్న దుకాణం వెనక గల్లీలో ఉంది. లోపల పెద్ద లేత్ తిరుగుతోంది. గుండును చక్‌లో బిగించి, అంజన్న ఎమెరీ కాగితంతో ముక్కు వైపు నుంచి మెరుగు పెడుతూ వస్తున్నాడు. పక్కనే అడుగున తూటు కొట్టడానికి డ్రిల్లు తయారుగా ఉంది.

"అంజన్నా, బంద్ చెయ్యి!" అని అరిచి బీరయ్య తనే మెయిన్ స్విచ్ లాగేశాడు.

"నీకు పిచ్చి లేసిందా? పని నడుమల కరెంటు తీస్తవా?"

"దాన్ని ముట్టకు. లోపల మందుంది."

అంజన్న అతన్ని పైనుంచి కిందికి చూశాడు. పక్క దుకాణాల వాళ్లు గుమిగూడారు. "అమర్ సేట్ కాడ ఇది ఉన్నదని నీకు కుళ్లు. ఊరంతకు ఎర్కే. తియ్యి, అడ్డం తియ్యి."

బీరయ్యకు తల కొట్టేసినట్టయింది. ఊరంతకు ఎర్క. తాను లోపల దాచుకున్నాననుకున్నది అందరికీ తెలుసు. అయినా కదల్లేదు. అంజన్న చెయ్యి పట్టుకుని గుండు ముక్కు దగ్గరికి లాగాడు. ఎమెరీ తగిలి రంగు ఇంకా లేచింది. ఎర్రపట్టీ సగం చుట్టూ స్పష్టంగా ఉంది.

"గీ ఎర్రపట్టీ అంటే నింపినట్టు గుర్తు. ముక్కుకు ఫ్యూజ్ ఉన్నది, చూడు. రాగి మీద ఒక్క గీత లేదు. మా బాబురావును పిలిపిస్త, నేవీల చేసిండు, అడుగు. అప్పటిదాక నా పాణం పోయినా స్విచ్ వెయ్యనియ్య."

అంజన్న మొహం తెల్లబోయింది. కాగితం కింద పడేశాడు. ఆ తర్వాత మెల్లగా అడిగాడు: "నువ్వెప్పుడు చూసినవ్ దీన్ని?"

"ఇప్పుడే," అన్నాడు బీరయ్య.

బాబురావు వచ్చి, గుమ్మం దగ్గర్నుంచే చూసి, అందర్నీ గల్లీ ఖాళీ చేయమన్నాడు. పోలీసులొచ్చారు. సాయంత్రానికి మిలిటరీ వాళ్లు ఇసుక బస్తాలు నింపిన ట్రక్కుతో వచ్చారు. గుండును చక్ నుంచి విప్పడానికే గంట పట్టింది. దుప్పట్లలో చుట్టి, పసిబిడ్డను మోసినట్టు మోసి ఇసుకలో పడుకోబెట్టారు. లోపల మందు నిండా ఉందని, డ్రిల్లు పెట్టి ఉంటే ఆ గల్లీ మిగిలేది కాదని వాళ్ల ఆఫీసరు అన్నాడు. అమరనాథ్ అప్పటికి పరుగెత్తుకొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చెమటతో లాల్చీ తడిసిపోయింది.

"ఎవరు పోల్చారు?" అని ఆఫీసరు అడిగితే అమరనాథ్ బీరయ్య వైపు చెయ్యి చూపించాడు. "మా బీరయ్య. వీని ఇంట్ల గూడ ఉన్నయ్, వీనికన్నీ తెల్సు."

మెచ్చుకుంటూ అన్న ఆ మాటతో మరునాడు పోలీసులు బీరయ్య ఇంటికి కూడా వచ్చారు. అమరనాథ్ అల్మారాలోవాటితోపాటు అతని ఏడు గుండ్లూ పరీక్షకు పట్టుకుపోయారు. ఖాళీ బల్ల ముందు బీరయ్య కూచుని ఉంటే, నేను పేపర్ తీసుకెళ్లి చూపించాను. నాలుగో పేజీలో నాలుగు వాక్యాలు. 'వ్యాపారి అమరనాథ్ అప్రమత్తత వల్ల పెను ప్రమాదం తప్పింది' అని ఉంది. బీరయ్య పేరు లేదు.

అతను రెండుసార్లు చదివాడు. "చూసినవా?" అన్నాడు. "పాణం పెట్టి ఆపింది నేను. పేరు వానిది." అంత జరిగాక కూడా ఆ మంట చల్లారలేదు. తర్వాత చెప్పినప్పుడు అతనికే సిగ్గేసింది. "మూడు దినాలు నోరు మూసుకున్నోన్ని, నాకు పేరెందుకు? గని ఆ పొద్దు గది యాదికి రాలె."

రెండు నెలలకు ఇద్దరి గుండ్లూ తిరిగొచ్చాయి. అన్నీ ఖాళీవే. అప్పటికి అమరనాథ్ ఇంట్లో సుశీలమ్మ ఒట్టు పెట్టించుకుంది, ఆ సామాను ఇంట్లో ఉండటానికి వీల్లేదని. ఒక ఉదయం మా గల్లీలోకి తోపుడుబండి వచ్చింది. దాని మీద అమరనాథ్ అల్మారాలోని గుండ్లన్నీ, గడ్డి పరిచి, గోనెపట్టాలు కప్పి. వాటి మధ్యలో ఇత్తడి ఖోకా. అమరనాథ్ బండి వెనక నడుచుకుంటూ వచ్చాడు.

"ఇవన్ని నీ కాడనే ఉండాలె బీరయ్యా. నాకు కొనుడే తెల్సు, చూసుడు తెల్వదు. ఖోకా గూడ తెచ్చిన. నీ గుండు దాంట్ల పెట్టు, నేనొచ్చి చూసి పోత. మా అమ్మ నీ పేరు మీద రోజు దీపం పెడుతుంది."

బీరయ్య ఖోకాను చూశాడు. మూడేళ్లుగా నిద్రలో కూడా వదలనిది. చెయ్యి చాస్తే తనది. కృష్ణమ్మ గుమ్మంలోంచి, దింపమన్నట్టు చెయ్యి ఊపుతోంది. నేను మా అరుగు మీద నుంచి దిగి సాయం పట్టబోయాను.

"ఆగు," అన్నాడు బీరయ్య. నాతో కాదు, బండివాడితో. తర్వాత అమరనాథ్ వైపు తిరిగాడు. "అమర్, నేను ఆదివారమే చూసిన."

"ఏం చూసినవ్?"

"ఎర్రపట్టీ. నువ్వు టీ తెచ్చెతందుకు పోయినప్పుడు, గోరుతోని గీకి చూసిన. మందున్నదని నాకు అప్పుడే తెల్సు. చెప్పలె."

అమరనాథ్‌కు వెంటనే అర్థం కాలేదు. "మర్చిపోయినవా?"

"లేదు. చెప్పబుద్ధి కాలె."

అమరనాథ్ చాలాసేపు అతన్ని చూస్తూ నిలబడ్డాడు. కోపంగా అరుస్తాడనుకున్నాను.

"మా అమ్మ మంచం దానికి మూరెడు దూరంల ఉండె, బీరయ్యా," అన్నాడు చివరికి. అంతే. బండివాడి భుజం తట్టి, "వాపస్ తిప్పు," అన్నాడు. తోపుడుబండి గల్లీ ఇరుకులో తిరగడానికి చాలా సమయం పట్టింది. బీరయ్య అక్కడే నిలబడి, చక్రం మోరీలో పడకుండా ఒక చెయ్యి వేసి పట్టాడు. అమరనాథ్ వద్దనలేదు, అతని వైపు చూడనూలేదు.

ఆ సామానంతా ఉస్మాన్‌గంజ్‌లోనే తుక్కుకు పోయిందని తర్వాత తెలిసింది. ఖోకా కూడా కరిగిపోయింది. పండగ మిఠాయిలు ఆగిపోయాయి. మరుసటి ఏడు సుశీలమ్మ పోయినప్పుడు బీరయ్య వెళ్లాడు. అమరనాథ్ చేతులు జోడించి నమస్కారం పెట్టాడు, అందరికీ పెట్టినట్టే.

"చెప్తే పాణం తేలికైతదనుకున్న," అన్నాడు బీరయ్య ఒకసారి నాతో. "కాలె. గని ఖోకా తీసుకోనుంటే రోజు దాని మొఖం చూడాల్సి వస్తుండె."

కృష్ణమ్మ మాత్రం చాలా రోజులు సాధించింది, నిజం చెప్పమని ఎవరు అడిగారని. ఒకనాడు తనే ఊరుకుంది. ఏడు గుండ్లనూ దసరాకు తనే తుడవడం మొదలుపెట్టింది. చూడటానికి వచ్చేవాళ్లు తగ్గారు. వచ్చినవాళ్లు అఫ్జల్‌గంజ్ సంగతి అడిగితే బీరయ్య మొత్తం చెప్పేవాడు, ఆదివారం దగ్గర్నుంచి. కొందరు మళ్లీ రాలేదు.

బీరయ్య ఎనభై ఆరులో రిటైరయ్యాడు. ఆ ఏడాది చలికాలంలో ఒక సాయంత్రం, ఉస్మాన్‌గంజ్ నుంచి వస్తూ విన్న ముచ్చట చెప్పాను. అమరనాథ్ ఇప్పుడు గోడ గడియారాలు పోగు చేస్తున్నాడట. నవాబుల దేవిడీల్లోంచి, పాత దుకాణాల్లోంచి కొంటున్నాడట. హాలు నిండా అవేనట.

బీరయ్య పల్లీలు ఒలుస్తున్నాడు. చెయ్యి ఆగింది.

"ఎన్నుంటయట?"

"ముప్పై దాకా అంటున్నరు."

నేను వేరే మాట ఎత్తుకున్నాను. నా మాట మధ్యలోనే అడిగాడు: "అన్ని నడుస్తయా?"

"నాకేం తెల్సు బీరయ్యా?"

"నడువయి. వానికి నూనె వేసుడు గూడ రాదు," అన్నాడు.

అన్న మాట తనకే వినబడినట్టుంది. నా మొహం చూశాడు. చెవుల దాకా ఎర్రబడి, తల వంచుకుని, మళ్లీ పల్లీలు ఒలవడం మొదలుపెట్టాడు.